వైద్యుడి కుర్చీలో దయ్యం

దయ్యాల పండుగ రేపనగా దాన్ సాయ్ ఊళ్లో ఒక్కరికీ కాలు నిలవదు. జిగురన్నం ఉడికించే వెదురు బుట్టను తిరగేసి నెత్తిన టోపీలా కుట్టుకునేవాళ్లు కొందరు. కొబ్బరి మట్ట మొదలు చెక్కి, కళ్లకు కన్నాలు పెట్టి, మూరెడు ముక్కు అతికించి రంగులు పూసేవాళ్లు కొందరు. ఆవుల మెడల్లోని గంటలు విప్పుకొచ్చి తమ నడుముకు కట్టుకునేవాళ్లు ఇంకొందరు. ఆ రోజు ఊళ్లో ఆవులు నిశ్శబ్దంగా, మనుషులు గణగణమంటూ తిరుగుతారు.

అంత సందడిలోనూ ఎవరో పనిగట్టుకుని వచ్చి ఖంపూన్ కొట్టు గోడకు సర్కారు కాగితం అంటించి పోయారు.

ఖంపూన్ దాన్ని ఒకసారి లోపల్లోపల, రెండోసారి పైకి చదివింది. పైకి చదివింది పక్క కొట్టు దువాంగ్ కోసం. దువాంగ్ పచ్చి బొప్పాయి కోరు రోట్లో దంచి సోమ్‌తమ్ చేసి అమ్ముతుంది. రోకలి ఆపకుండానే ఊరి సంగతులన్నీ వింటుంది.

"ఏముందే అందులో, మొహం అలా పెట్టావు?"

"ఇకమీదట గంజాయి మొగ్గ అమ్మాలంటే కొనేవాడి దగ్గర వైద్యుడి చీటీ ఉండాలంట. చీటీ లేకుండా అమ్మితే లైసెన్సు పీకేస్తారంట. పండగ రోజుల్లోనే తనిఖీకి వస్తారంట."

"మొన్నటిదాకా చీటీ అక్కర్లేదుగా?"

"మొన్నటిదాకా అక్కర్లేదు. అంతకుముందు పెరట్లో మొక్క కనిపిస్తే జైలు. మా నాన్న మిరప చెట్ల వెనక దాచి, కోడి పులుసులో రెండాకులు వేసేటప్పుడు కూడా తలుపు గడియ పెట్టేవాడు. ఆ తర్వాత వాళ్లే పిలిచి, పెంచుకోండి, అమ్ముకోండి అన్నారు. ఇప్పుడు మళ్లీ చీటీ అంటున్నారు."

"ఒక మాట మీద నిలబడరేమే వీళ్లు? నా మొగుడు నయం. ఒకటే తప్పు చేస్తాడు, రోజూ అదే చేస్తాడు. మనకి అలవాటైపోతుంది."

ఖంపూన్ నవ్వబోయింది కానీ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ కొట్టు గది ఆమెకి ఎలా దక్కిందో ఊరందరికీ తెలుసు. మొగుడు బతికున్నన్నాళ్లూ అందులో వెదురు బుట్టలు అమ్మాడు. ఆయన పోయాక, బజారులోకి అల్యూమినియం గిన్నెలొచ్చాక, బుట్టలు పండుగకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయాయి. అప్పుడు మరిది బున్సోంగ్ పెద్దల్ని కూర్చోబెట్టి మాట తీసుకున్నాడు. వదిన అందులో వ్యాపారం చేసినన్నాళ్లూ గది వదినది. ఆపిన రోజున తనది. అతనికి అక్కడ నాణెం వేస్తే బట్టలుతికే కొట్టు పెట్టాలని ఉంది. యంత్రాలు ముందే కొనేశాడు. అవి పెరట్లో నీలం టార్పాలిన్ కింద, ముహూర్తం కోసం కాచుకున్న పెళ్లివారిలా వరసగా కూర్చుని ఉన్నాయి. రోజూ పొద్దున్నే బున్సోంగ్ టార్పాలిన్ ఎత్తి వాటి దుమ్ము తుడుస్తాడు. తుడుస్తూ కొట్టు వైపు చూసి నిట్టూరుస్తాడు.

గంజాయి మీద ఆంక్షలు తీసేసిన రోజుల్లో ఖంపూన్ అప్పటిదాకా బుట్టలున్న అరల్లో గాజు జాడీలు పెట్టింది. పెద్ద రోడ్డు మీద ఆకుపచ్చ దీపాలతో అలాంటి కొట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. కొత్త మాట చెవిన పడగానే వాటిలో సగం ఆకుపచ్చ దీపం మార్చి సగ్గుబియ్యం టీ కొట్లయిపోయాయి. బస్టాండు దగ్గర పెద్ద కొట్టువాళ్లు పట్నం నుంచి కంప్యూటరుతో సహా ఒక డాక్టర్ని తెచ్చి కూర్చోబెట్టుకున్నారు. ఖంపూన్‌కి అంత తాహతు లేదు. ఆమెకున్నది తోంగిన్ పెద్దయ్య.

తోంగిన్ పెద్దయ్య గుడి వెనక ఉంటాడు. వేర్లు, బెరళ్లు, ఆకుల వైద్యం. సర్కారు పరీక్ష రాసి పట్టా కూడా తెచ్చుకున్నవాడు, కాబట్టి ఆయన రాసిన చీటీ చెల్లుతుంది. ఖంపూన్ కాల్చిన కోడి, జిగురన్నం పొట్లం కట్టుకుని ఆ మధ్యాహ్నమే వెళ్లింది.

"నా కొట్లో కూర్చోండి పెద్దయ్యా. వచ్చినోళ్ల నాడి చూడండి. చీటీ ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. మధ్యాహ్నం అన్నం నాది."

"సోమ్‌తమ్ ఉంటుందా?"

"పక్కనే దువాంగ్ ఉంది. అందులో ఉప్పు పీతలు కూడా దంచమంటాను."

"అయితే కూర్చుంటాను. పండగయ్యాక."

"పండగలోనే తనిఖీకి వస్తారంట!"

ముసలాయన కోడి ఎముక పక్కన పెట్టి వేళ్లు తుడుచుకున్నాడు. "నాకు మొక్కు ఉందమ్మా. మోకాళ్లు నయమైతే ఈ ఏడు దయ్యం వేషం కట్టి ఆడతానని ఊరి దేవరకి మొక్కుకున్నాను. నయమయ్యాయి. ఊరేగింపు గుడి చుట్టూ మూడోసారి తిరిగేదాకా ముసుగు ఎత్తకూడదు, నోరు విప్పకూడదు. మాటిచ్చాక తప్పితే మోకాళ్లే కాదు, నడుమూ పోతుంది."

ఈ మాటకి ఆ ఊళ్లో ఎవరూ ఎదురు చెప్పరు. మనుషులకిచ్చిన మాట తప్పితే కాళ్లు పట్టుకుని సర్దుకోవచ్చు. దేవరకి కాళ్లెక్కడున్నాయో ఎవరికి తెలుసు?

"పోనీ ముసుగుతోనే వచ్చి కూర్చోండి."

"అది వస్తాను. రేపు మధ్యాహ్నం ఆటలోంచి అటొస్తాను. నువ్వు గుర్తుపట్టు."

"వందల దయ్యాల్లో ఎలా గుర్తుపట్టేది?"

"మోకాళ్లకి అడవి పసుపు నూనె రాసుకుంటాను. నా నూనె వాసన నీకు తెలుసుగా?"

ఎందుకు తెలియదు? ఆ ఘాటు ముక్కుకి తగిలితే జలుబు గుమ్మంలోంచే వెనక్కి పోతుంది. ఖంపూన్ నిశ్చింతగా ఇంటికొచ్చి, అటక మీది కుర్చీ దింపి కడిగి, 'వైద్యుడు' అని అట్టముక్క మీద రాసి దాని వీపుకి కట్టింది.

మర్నాడు పొద్దెక్కేసరికి ఊరంతా దయ్యాలే. అతుకుల బొంతల్లాంటి బట్టలు, బుట్ట నెత్తులు, ఏనుగు తొండాల్లాంటి ముక్కులు, నడుమున గంటలు. చేతిలో చెక్క కత్తి. దాని పిడి ఏ ఆకారంలో ఉంటుందో పెళ్లయినవాళ్లకి చెప్పనక్కర్లేదు, కానివాళ్లకి చెప్పకూడదు. దాన్ని ఆడవాళ్ల ముందు ఊపితే వానలు బాగా పడతాయని పెద్దల మాట. దయ్యాలు ఊపుతున్నాయి, ఆడవాళ్లు కేకలు పెట్టి నవ్వుతున్నారు. నల్లటి మబ్బు కొండ మీదికొచ్చి తొంగి చూస్తోంది.

మధ్యాహ్నం కావస్తుండగా ఒక దయ్యం ఖంపూన్ కొట్లోకి దూకింది. నిజంగానే దూకింది, గడప తొక్కలేదు. ఒంటికాలి మీద గుండ్రంగా తిరిగి, జాడీల మీద చెక్క కత్తితో టకటక కొట్టి, తిన్నగా పోయి వైద్యుడి కుర్చీలో కూర్చుంది.

ఖంపూన్ దగ్గరికెళ్లి వాసన చూసింది. చెమట, రంగు, తెల్ల సారా. పసుపు నూనె వాసన చుక్కైనా లేదు.

"లే నాయనా, లే. అది వైద్యుల కుర్చీ."

దయ్యం తల అడ్డంగా ఊపింది. చెక్క కత్తితో తన గుండె మీద పొడుచుకుంది. కుర్చీ మీద తట్టింది. మళ్లీ గుండె మీద పొడుచుకుంది.

"గుండె పగిలిందా? పెళ్లాం వెళ్లగొట్టిందా? పండగ పూట అందరికీ పగులుతుందిలే, లే."

లేవలేదు. ఖంపూన్ చీపురు తీసింది. దయ్యం ఎగిరి గంతేసి, గంటలు మోగించుకుంటూ వీధిలోకి పారిపోయింది.

"కుర్రాడెవరో మంచి ఊపు మీదున్నాడు" అంది దువాంగ్ మెచ్చుకోలుగా. "ఏం గంతులే తల్లీ!"

సరిగ్గా అప్పుడే తనిఖీ అమ్మాయి వచ్చింది. పేరు పిమ్. కొత్త ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా, మెళ్లో బొమ్మున్న గుర్తింపు కార్డు. ఆమె వచ్చిన బండి ఊరేగింపులో ఇరుక్కుపోతే దిగి నడిచొచ్చింది. నడిచొస్తే దయ్యాలు ఊరుకుంటాయా? ఒక బుగ్గకి మసి, ఇంకో బుగ్గకి బురద.

చేతులు జోడించి దణ్ణం పెట్టి, "పెద్దమ్మా, మీ కొట్టు వైద్యులెక్కడ?" అంది.

"వస్తున్నారు తల్లీ. దారిలోనే ఉన్నారు. ముందు మొహం కడుక్కో."

"వైద్యులు లేకపోతే లైసెన్సు తీసుకెళ్లాల్సి వస్తుంది. బండి కదిలేదాకా ఎలాగూ ఇక్కడే ఉంటాను. ఆలోపు వస్తే సరే."

ఖంపూన్ పెరటి వైపు చూసింది. టార్పాలిన్ అంచు గాలికి లేచి యంత్రం ఒకటి తెల్లగా పళ్లికిలించింది. ఆమె లుంగీ అంచు బొడ్లో దోపి, దువాంగ్ చెవిలో గబగబా చెప్పింది.

"పెద్దయ్యని పట్టుకొస్తాను. కొట్టు చూస్తూండు. ఒక్క మొగ్గ అమ్మినా నా చావు చూస్తావు."

"నేనెందుకమ్ముతాను? ఎవడొచ్చినా సోమ్‌తమ్ పెడతాను. కారానికి వాళ్లే పారిపోతారు."

ఆ తర్వాత జరిగింది దాన్ సాయ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏటా దయ్యాలు మనుషుల్ని తరుముతాయి. ఆ ఏడు ఒక మనిషి దయ్యాల్ని తరిమింది. ఖంపూన్ ఊరేగింపులోకి చొరబడి, ఎదురైన దయ్యం ముందల్లా గబుక్కున వంగి మోకాళ్లు వాసన చూడటం మొదలుపెట్టింది. మొదటి దయ్యం ఏదో దీవెన అనుకుని ఆగింది. రెండోది సిగ్గుపడి గంటలు అడ్డం పెట్టుకుంది. మూడోది పక్క వీధి మాస్టారిలా ఉంది, "అమ్మో!" అని కేకేసి, వాన కోసం ఆకాశంలోకి వదిలే రాకెట్ల బండెక్కేసింది. ఈ కబురు ముందుకి పాకింది. ఆమె వస్తుంటే దయ్యాలు మోకాళ్లు పట్టుకుని రెండు పాయలుగా విడిపోయాయి.

"ఏం పోగొట్టుకున్నావు ఖంపూన్?" అని అరుగు మీది ముసలమ్మలు అరిచారు.

"వైద్యుణ్ణి!"

"మోకాళ్లలో వెతుకుతున్నావేం?"

జవాబు చెప్పే తీరిక లేదు. రాకెట్ల బండి అవతల, డోళ్ల మోత కొంచెం తగ్గినచోట, ఒక దయ్యం అరుగు మీద కూలబడి మోకాళ్లు రుద్దుకుంటోంది. నాలుగడుగుల దూరం నుంచే ఘాటు ముక్కుకి కొట్టింది. అడవి పసుపు నూనె! ఖంపూన్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి, సగం ఆనందం, సగం నూనె.

"పెద్దయ్యా! లేవండి. ఆట తర్వాత, ముందు కుర్చీ."

దయ్యం ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. చేతులు అడ్డంగా ఊపింది.

"తెలుసు, నోరు విప్పకూడదు. విప్పొద్దు. వచ్చి కూర్చుంటే చాలు." దాని నడుముకున్న గంటల తాడు పట్టుకుని, సంతకి దూడని తోలుకెళ్లినట్టు లాక్కొచ్చింది. దారి పొడుగునా జనం చప్పట్లు కొట్టారు.

కొట్లోకి రాగానే కుర్చీలో కూలేసి, ఫ్యాను దాని వైపు తిప్పి, సోమ్‌తమ్ పళ్లెం ఒళ్లో పెట్టింది. దయ్యం పళ్లెం వంక చూసింది. పారిపోదామని సగం లేచింది. ఉప్పు పీత వాసన తగిలి మళ్లీ కూర్చుంది. ముసుగు కింద నుంచి చెయ్యి దూర్చి తినడం మొదలుపెట్టింది.

పిమ్ వచ్చి ఎదురుగా నిలబడింది. "అయ్యా, ఈ కొట్టు వైద్యులు మీరేనా?"

చెయ్యి ఆగింది. తర్వాత బుట్ట, ముక్కు, మొత్తం మొహం నెమ్మదిగా ముందుకి ఒరిగి మళ్లీ లేచింది.

"అవునంటున్నారు!" అంది ఖంపూన్.

"వచ్చినవాళ్ల నాడి మీరే చూస్తారా?"

మళ్లీ ఒరిగింది.

"చీటీ మీరే రాస్తారా?"

ఈసారి గంటలు కూడా మోగాయి.

"సరే. ఒక్కసారి ముసుగు తీయండి. పట్టాలో బొమ్మతో పోల్చుకోవాలి."

దువాంగ్ రోకలి రోట్లో పడేసి వచ్చేసింది. "ఏం మాటమ్మాయ్ అది? మొక్కున్న దయ్యాన్ని ముసుగు తీయమంటావా? ఆయన మోకాళ్లు పోతే నువ్విస్తావా?"

"పిన్నీ, మొహం చూడటం నా డ్యూటీ."

"మొహం దాచడం ఆయన డ్యూటీ. ఎవరి డ్యూటీ ముందో ఊరి దేవర్ని అడుగు. ఆయన ఊరేగింపులో ముందే ఉన్నాడు, పిలవనా?"

పిమ్‌కి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. అంతలో గుమ్మంలో గంటలు గణగణలాడాయి. ఇందాకటి గంతుల దయ్యం! లోపలికి దూకి, కుర్చీలో ఉన్న దయ్యాన్ని చూసి కొయ్యబారిపోయింది. చెక్క కత్తి కుర్చీ వైపు చూపించింది. తన గుండె మీద పొడుచుకుంది. పిమ్ చెయ్యి పట్టుకుని మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టబోయింది.

"ఒరేయ్! సర్కారు పిల్ల చెయ్యి పట్టుకుంటావా!" ఖంపూన్ చీపురుతో ఒక్కటిచ్చింది. దయ్యం బయటికి పరిగెత్తి, కిటికీలోంచి తల పెట్టి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. ఖంపూన్ కిటికీ నుంచీ తరిమేసింది. "పట్టించుకోకు తల్లీ. పొద్దుటి నుంచి ఇదే వరస. కుర్చీ తనదంటాడు. తాగినోడికి గుడి మాన్యం కూడా తనదే."

పిమ్ మొదటిసారి పగలబడి నవ్వింది. బుగ్గ మీది మసి మెడ దాకా జారింది. "మా అమ్మమ్మ కూడా దేవరకి మొక్కితే ఇంతే. మేం ఎంత చెప్పినా వినేది కాదు. సరే పెద్దమ్మా, ముసుగు ఎప్పుడు తీస్తారు?"

"గుడి చుట్టూ మూడోసారి తిరిగాక."

"అయితే పదండి, నేనూ వస్తాను. అక్కడే చూస్తాను. మొహం, పట్టా ఒకటైతే లైసెన్సు మీది. కాకపోతే నాది."

అలా అందరూ గుడికి బయల్దేరారు. ముందు దయ్యం, దాని తాడు పట్టుకుని ఖంపూన్, పక్కన పిమ్, వెనక రోకలి భుజాన వేసుకుని దువాంగ్. కొట్టు తలుపు వేసేశారు. చినుకులు మొదలయ్యాయి. చినుకు పడితే తడుస్తామని ఎవరైనా ఇంటికెళ్తారేమో ఇంకో ఊళ్లో. దాన్ సాయ్‌లో ఇంట్లో ఉన్నవాళ్లు కూడా బయటికొచ్చారు. మొదటి చుట్టులో కుర్చీ దయ్యం సందులోకి జారుకోబోయింది, ఖంపూన్ తాడు బిగించింది. రెండో చుట్టులో బురదలో కూర్చుండిపోయింది, దువాంగ్ రోకలితో వెనక నుంచి లేపింది. మూడో చుట్టుకి పిమ్ చెప్పులు చేత పట్టుకుని తనే ఆడుతోంది. గంతుల దయ్యం ఆమె ముందు వెనక్కి నడుస్తూ తాళం వేస్తోంది.

ఖంపూన్ ఒక్కతే ఆడలేదు. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఇంకొక్క చుట్టు, దేవరా. ఇంకొక్క మలుపు. ఆ గది మా ఆయన గోడకి సున్నం వేసిన గది. అందులో నా చేత్తో నేను బోర్డు కట్టుకున్నాను.

మూడో చుట్టు ముగిసింది. గంట కొట్టారు. గుడి ముంగిట్లో వందల బుట్టలు ఒక్కసారిగా లేచాయి. వందల చెమట మొహాలు వానలోకి నవ్వాయి.

ఖంపూన్ తన దయ్యం ముసుగు తనే ఎత్తింది. కింద మరిది బున్సోంగ్ ఉన్నాడు. మూతికి బొప్పాయి కోరు అంటుకుని ఉంది.

ముందుగా దువాంగ్ అందుకుంది. "మీ వైద్యుడు బట్టలుతికేవాడేమే?"

"వదినా, నా తప్పేం లేదు" అన్నాడు బున్సోంగ్ వెనక్కి వెనక్కి జరుగుతూ. "నువ్వే లాక్కొచ్చావు. నోరు విప్పితే దేవర ఊరుకోడు."

"నోరు విప్పకపోతే పోయె, తల ఎందుకు ఊపావు? ఆ పిల్ల నువ్వేనా వైద్యుడివి అంటే అవునన్నావుగా!"

"ఊపలేదు! బుట్ట బరువు వదినా. అదే ముందుకి వాలింది."

"మూడుసార్లూ వాలిందా?"

బున్సోంగ్ కాలి బొటనవేలితో బురద గీశాడు. "మొదటిసారి నిజంగానే వాలింది. అడ్డంగా ఊపుదామనే అనుకున్నాను. ఊపితే గది నాదే కదా. కానీ నువ్వు ఫ్యాను నా వైపు తిప్పావు. అన్నయ్య పోయాక నాకెవరూ ఫ్యాను తిప్పలేదు. ఆ తర్వాత పీతలు కూడా బాగున్నాయి."

ఖంపూన్ అతని మూతికంటిన బొప్పాయి కోరు తుడిచింది. "మరి నీ మోకాళ్లకి ఆ నూనె ఎక్కడిదిరా?"

"నేనే ఇచ్చాను" అని వెనక నుంచి గొంతు వినిపించింది.

గంతుల దయ్యం ముసుగు ఎత్తుతోంది. కింద తోంగిన్ పెద్దయ్య. చీపురు పుల్లలు రెండు ఇంకా మెడలో గుచ్చుకునే ఉన్నాయి. "నిన్న సాయంత్రం ఊళ్లో సగం మంది వచ్చి, రేపు ఆడాలి, మోకాళ్లు పట్టేస్తాయి అన్నారు. పండగ కదా అని తలా సీసా ఇచ్చాను. చివరి సీసా మీ మరిది పట్టుకుపోయాడు. నా వరకు చుక్క మిగల్లేదు. అయినా నయమైన మోకాళ్లకి నూనె ఎందుకమ్మా?"

ఖంపూన్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. ఆయన్ని ఎన్నిసార్లు తరిమింది! చీపురుతో! మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెట్టబోయింది. ముసలాయన లేవదీశాడు. "దెబ్బ బాగా పడింది. చేతిలో బలముంది. నీకే రోగమూ లేదు."

ఇక మిగిలింది పిమ్. ఆమె కార్డు వెనక్కి తిరిగిపోయి ఉంది, చొక్కా నిండా బురద. పెద్దయ్య పట్టా చూసింది. బొమ్మ చూసింది, మొహం చూసింది. రెండూ ఒకటే.

"పెద్దమ్మా, ఇవాళ మీ కొట్లో ఎంత అమ్మారు?"

"అమ్మడానికి తీరికేది తల్లీ? దయ్యాల మోకాళ్లు వాసన చూడటానికే సరిపోయింది."

"ఒక్కటి కూడా?"

"నేను సాక్ష్యం" అంది దువాంగ్. "వచ్చినోళ్లందరికీ నేనే బొప్పాయి పెట్టాను. పైదేశం నుంచొచ్చిన ఇద్దరు ఫరంగీలు ఏడ్చుకుంటూ పోయారు."

"జాడీలు నేనూ చూశాను, దేనికీ మూత తీసిన గుర్తు లేదు" అంది పిమ్. తర్వాత పెద్దయ్య వైపు తిరిగి ఆలోచించింది. "చీటీ లేకుండా అమ్మకం జరగలేదు. వైద్యులు ఉన్నారు. కొట్టుకి వచ్చారు కూడా, నా కళ్లతో చూశాను. నా నాడి చూడబోయారు."

"మరి నేను చీపురుతో..." అంది ఖంపూన్ బిక్కమొహంతో.

"అది రాయను పెద్దమ్మా. రాస్తే పై ఆఫీసులో నమ్మరు. దయ్యాన్ని ప్రశ్న అడిగితే తల ఊపిందని రాస్తే అసలే నమ్మరు, నన్నే వైద్యుడి దగ్గరికి పంపుతారు. లైసెన్సు ఉంచుకోండి. కానీ రేపటి నుంచి ఆ కుర్చీలో ఈయనే ఉండాలి. నేను మళ్లీ వస్తాను."

ఆ రాత్రి ఖంపూన్ ఆడింది. ఎంత ఆడిందంటే మర్నాడు ఆమె మోకాళ్లకే నూనె కావాల్సొచ్చింది.

పండుగ వెళ్లిన పొద్దున్నే తోంగిన్ పెద్దయ్య తెల్ల చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. కొట్టు తెరవకముందే నలుగురైదుగురు గుమ్మం దగ్గరున్నారు. ఖంపూన్ తక్కువ అమ్ముడుపోయే జాడీలు కూడా తుడిచి ముందు వరసలో పెట్టింది.

మొదటివాడు వీపున సంచి ఉన్న ఫరంగీ కుర్రాడు. నిద్ర పట్టదన్నాడు. పెద్దయ్య అతని కనురెప్ప లాగి చూశాడు, నాలుక చాపమన్నాడు, చేతిలో ఫోను లాక్కుని బల్ల సొరుగులో పెట్టాడు. "ఇది పడుకుంటే నువ్వూ పడుకుంటావు, రేపొచ్చి తీసుకో" అని నిమ్మగడ్డి కట్ట ఒకటి చేతిలో పెట్టి పంపేశాడు. రెండో ఆయనకి నడుము నొప్పి. పసుపు నూనె. మూడో ఆమెకి మనసు బాగోదు. అత్తగారి ఊరు ఎన్నాళ్లకోసారి వెళ్తావని అడిగాడు. వారానికోసారి అంది. నెలకోసారి వెళ్లమన్నాడు. ఆమె దణ్ణం పెట్టి, ఏడుస్తూ నవ్వుతూ పోయింది.

దువాంగ్ కూడా వరసలో కూర్చుంది. "నా మొగుడికి చీటీ రాయండి పెద్దయ్యా."

"ఏం జబ్బు?"

"మాటలు. ఆగవు."

"దానికి మందు నీ దగ్గరే ఉంది. మిరపకాయలు ఇంకో నాలుగు వెయ్యి."

ఖంపూన్‌కి ఒక పక్క నవ్వు, ఒక పక్క దిగులు. జాడీల్లో మొగ్గ మొగ్గలాగే ఉంది. కానీ నిమ్మగడ్డి అయిపోయింది. అల్లంవేరు అయిపోయింది. పెద్దయ్య కొత్తగా కాచి తెచ్చిన నూనె సీసాలు ఖాళీ. ఇంటి వెనక నుంచి ఇంకో గంపెడు నిమ్మగడ్డి కోసుకొచ్చేలోపే ఎవరో కాచుకుని కూర్చున్నారు.

మధ్యాహ్నానికి ముందు సీ అవ్వని ఆమె మనవరాలు బండి మీద తీసుకొచ్చింది. అవ్వకి కడుపులో గడ్డ. పెద్దాసుపత్రి వాళ్లు చేయగలిగింది చేశారు. అన్నం ముద్ద చూస్తే వాంతి, నొప్పికి నిద్ర లేదు. పెద్దయ్య ఆమె మణికట్టు మీద వేళ్లు పెట్టి చాలాసేపు ఉంచాడు. ఈసారి జోకు వేయలేదు. చీటీ రాసి, రెండుసార్లు చదివి, ఖంపూన్‌కి అందించాడు.

ఖంపూన్ చేతులు కడుక్కుని, మంచి జాడీ మూత తీసి, తక్కెడ ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి తూచింది. ఇన్నాళ్లూ ఎంతమందికో తూచింది, సంచిలో పోసి చిల్లర ఇచ్చింది, వాళ్ల మొహం చూడలేదు. ఈ పొట్లం అవ్వ గుప్పిట్లో పెట్టి వేళ్లు తనే మూసింది.

"రేపు వచ్చి చెప్పు అవ్వా, అన్నం తిన్నావో లేదో."

"తింటే చెబుతానే. తినకపోతే నీ కొట్టు ముందు కూర్చుని తిడతాను."

"తిట్టు. కానీ రా."

బండి వెళ్లిపోయింది. ఖంపూన్ ఇంకా గుమ్మంలోనే ఉంది. ఇంతలో నలుగురు కుర్రాళ్లు ఆకుపచ్చ బోర్డు చూసి ఆగి, లోపలికి తొంగి చూశారు. కుర్చీలో తెల్ల చొక్కా ముసలాయన్ని, బల్ల మీద వేర్ల కట్టల్ని, వరసగా కూర్చుని కబుర్లాడుకుంటున్న ఆడవాళ్లని చూసి తెల్లబోయారు.

"పెద్దమ్మా, ఇది గంజాయి కొట్టేనా?"

"అవును నాయనా" అంది ఖంపూన్, చీపురు తలుపు వెనకకి తోసి. "చెప్పులిప్పి రండి. నాలుకలు శుభ్రంగా కడుక్కున్నారా? ఆ చివర కూర్చోండి, పేరుపేరునా పిలుస్తాను."